ఇరుగుండ్లపల్లిలో కండ్లు పెట్టని యుద్ధం

మీలో ఎవరూ ఇరుగుండ్లపల్లి వెళ్ళరని నాకు తెలుసు. అనంతపురం వైపు వెళ్ళడమంటే లేపాక్షి బసవన్న పక్కన నిలబడి ఫోటో దిగి, అటునుంచి అటే బెంగుళూరు బస్సెక్కే జాతి మనది. నిన్నమొన్నటిదాకా నేనూ అంతే. పాత గుళ్ళ గోడబొమ్మల మీద వ్యాసాలు రాసుకునే నాకు, గుంతకల్లులో రైల్వే ఉద్యోగం వెలగబెడుతున్న మా తోడల్లుడు ఒకరోజు ఫోను చేశాడు. "ఎప్పుడూ పోయినవాళ్ళ బొమ్మలేనా? ఇక్కడ యాడికి అనే ఊరు అవతల ఒక పల్లెలో బతికున్నవాళ్ళు తమ యుద్ధాన్ని తామే గోడల మీద వేయించుకుంటున్నారు. బొమ్మలోని మనుషులే రోజూ వచ్చి తప్పులు దిద్దుతున్నారట. పో, చూసి రా" అన్నాడు.

యుద్ధమంటే మరేదో అనుకునేరు. ఆ ఊళ్ళో మీదిగేరి, కిందిగేరి అని రెండు వీధులు. గేరి అంటే అక్కడ వీధి. రెండు వీధులకూ ఇద్దరు దాయాదులు పెద్దలు. వాళ్ళ తండ్రుల కాలం నుంచి ఈ వీధి ఆ వీధిని, ఆ వీధి ఈ వీధిని నరుక్కుంటూ, నాటుబాంబులు వేసుకుంటూ, మధ్యలో పంటలు పెట్టుకుంటూ బతికారు. తర్వాత రాజీ పడ్డారు. రాజీ పడ్డవాళ్ళు నోరు మూసుకుని ఊరుకోవాలి గదా. ఊరుకోలేదు, బొమ్మలు వేయించారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ అంటున్నా వినకుండా నేను బయల్దేరాను.

గుంతకల్లు

రైలు దిగగానే నా పేరు కనిపించింది. రేకు మీద ఎర్రటి అక్షరాలు, వాటికి నల్లటి నీడలు, నాలుగు మూలలా తామరపూలు. నా పెళ్ళి శుభలేఖలో కూడా నా పేరుకు అంత మర్యాద జరగలేదు. ఆ రేకు పట్టుకున్నవాడే మస్తాన్. ఇరుగుండ్లపల్లి గోడలు వేస్తున్న చిత్రకారుడు. రంగులు కొనడానికి గుంతకల్లు వచ్చి, మా తోడల్లుడు చెబితే నాకోసం ఆగాడు. బక్కమనిషి, మెడలో రంగుల మరకల తువ్వాలు, మాటలో మాత్రం మహారాజు.

"ఈ పక్క యా గోడ మీద యా అక్షరం చూసినా నాదే సారూ. ఎరువుల బస్తా అయినా నేనే, ఎమ్మెల్యే అయినా నేనే. ఫ్లెక్సీలు వచ్చి మా నోట్లో మన్ను కొట్టినాయి గానీ."

ఆ రేకు నాకిస్తే జ్ఞాపకంగా దాచుకుంటానన్నాను. అప్పటికే అతను కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో నా పేరు తుడిచేస్తున్నాడు. "రేకు కావాల సారూ. రేపు ఇంగొకర్ని పిలుచుకోని రావాల" అన్నాడు. నా కీర్తి ప్లాట్‌ఫారం దాటలేదు.

స్టేషను బయట ఉగ్గాని తిన్నాం. మా రేపల్లె వైపు మరమరాలంటే పిల్లలు జేబుల్లో పోసుకునే చిరుతిండి. ఇక్కడ వాటినే బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండి, తాళింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన నిలువునా ఒక మిరపకాయ బజ్జీ పెట్టి చేతిలో పెడతారు. ముప్ఫై రూపాయలకు కడుపు నిండింది, కళ్ళు కూడా నిండాయి. నేను నీళ్ళకోసం చేతులాడిస్తుంటే బండివాడు తాపీగా, "నీళ్ళు తాగితే మంట ఎక్కువైతాది సారూ, ఇంగో బజ్జీ తిను" అన్నాడు. తిన్నాను. అబద్ధం చెప్పాడు.

"ఇంతకీ నిన్ను ఏ గేరి వాళ్ళు పిలిచారు?" అని మస్తాన్ని అడిగాను.

"ఒక గేరోల్లు పిలిచింటే చిటికెలో పని సారూ. ఇవతలోల్లను రాముణ్ణి చేసి అవతలోల్లకు కోరలు పెట్టి చేతులు దులుపుకుందును. రెండు గేరులూ కలిసి పిలిచినాయి. అదే పరేషాన్."

యాడికి దాటినాక

యాడికిలో బస్సు మారాం. రెండో బస్సు సీటుకున్న మేకు నా ప్యాంటును తొడ దగ్గర నిలువునా చీల్చింది. కండక్టరుకు చూపిస్తే, ఆ మేకు అందరికీ తెలుసన్నట్టు నా వైపు జాలిగా చూశాడు. పక్క సీటులో శెనక్కాయల మూట ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ తన మూటకు కట్టిన పిన్నీసు ఊడదీసి నాకిచ్చింది. ఇచ్చిన హక్కుతో ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏమప్పా, యాడ్నుంచి?"

"రేపల్లె నుంచమ్మా. సముద్రం పక్క."

"ఆడ నీళ్ళుంటాయంట గదా."

"ఉంటాయి. ఒక్కోసారి ఎక్కువై మునిగిపోతాం కూడా."

ఆవిడ కాసేపు నన్ను నమ్మాలా వద్దా అని చూసింది. "మునిగేటన్ని నీళ్ళు పెట్టుకోని, ఈడికి ఏం చూసేదానికి వస్తాండావు?"

ఇరుగుండ్లపల్లి బొమ్మలని చెప్పాను. ఆవిడ పెదవి విరిచింది. "మా ఊర్లోనూ కొట్టుకున్న్యారు. వాళ్ళకంటే చానా బాగా కొట్టుకున్న్యారు. బొమ్మలేపిచ్చుకునే తెలివే మావోల్లకు ల్యా." దిగేటప్పుడు నా జేబులో గుప్పెడు శెనక్కాయలు పోసింది. మా వైపు బస్సులో పక్కవాడికి కిటికీ సందు ఇవ్వడమే గొప్ప.

ఎర్రనేల, కోసేసిన శెనగచేలు, గుట్టల మీద వరసగా గాలిమరలు. బస్సు ఆ గాలిమరల మధ్యనుంచే వెళ్ళి ఊళ్ళో ఆగింది. మొత్తం కథకు మూలం ఆ గాలిమరలే. గాలిమరల కంపెనీ గుట్టలు కౌలుకు అడిగినప్పుడు, గుట్ట ఇవతలి వైపు మీదిగేరి చెన్నప్పది, అవతలి వైపు కిందిగేరి రంగప్పది అయి ఉంది. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెడితేనే కౌలని కంపెనీవాళ్ళన్నారు. ఎందరు పెద్దమనుషులు, ఎందరు పోలీసులు చేయలేని పని ఆ ఒక్క సంతకం చేసింది. వచ్చిన దానిలోంచి ఊరికి ఒక కళ్యాణమంటపం కట్టి, దానికి శాంతి మంటపమని పేరు పెట్టి, లోపల గోడలనిండా యుద్ధం వేయమన్నారు.

ఇరుగుండ్లపల్లి

నన్ను ఎర్రిస్వామి ఇంట్లో దింపారు. మీదిగేరి మనిషి, డెబ్బై దగ్గరపడ్డ వయసు, తెల్లటి మీసం, చేతిలో మంటపం తాళాలు. నేను ఇన్ని ఊళ్ళు తిరిగాను, అంత మంచి ఆతిథ్యం ఎక్కడా ఎరగను. రాగిసంగటి ముద్ద, దానికి గుంట చేసి ఊరిబిండి, అంటే శెనక్కాయల పచ్చడి, పైన నెయ్యి. "నమలొద్దు సారూ, మింగాల. సంగటిని నమిలేవాడూ, పెండ్లాన్ని అనుమానించేవాడూ ఇద్దరూ ఒకటే" అని నేర్పాడు. మింగాను. గొంతులో కాసేపు ఆగింది గానీ మాట మాత్రం నిజం.

తెల్లారి ఊరు చూపించాడు. మన ఊళ్ళలో చుట్టాలొస్తే గుడి, బడి చూపిస్తాం. ఇక్కడ ఎవరు ఎక్కడ పడ్డారో చూపిస్తారు. "ఇది రంగప్ప చిన్నాయన పడిన జాగా. ఈ బండ చాటునుంచి మావోల్లు ఏసింది. ఇదో, ఈ వాకిట్లో మా చెన్నప్ప బావమరిది. పాపం, పండ్లు తోముకుంటాండె." చెబుతున్నప్పుడు ఆయన గొంతులో పగ లేదు, పోయినవాళ్ళ మీద ఒక రకమైన ప్రేమ ఉంది. ఊరి చివర పాడుబడిన గొర్రెల దొడ్డి వైపు నేను అడుగేస్తే మాత్రం, అటు తేళ్ళుంటాయని వెనక్కి తిప్పాడు.

గోడ మీద తన ముఖం ఎక్కడని అడిగితే నవ్వేశాడు. "నా మొగం ఏంటికిలే సారూ, గోడ పాడుచేసేదానికి." ఆ ఊళ్ళో నాకు కనిపించిన ఏకైక వినయవంతుడు ఈయనేనని ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

మంటపం లోపల

మంటపం పొడుగాటి హాలు. ఎడమ గోడ మొత్తం మీదిగేరి, కుడి గోడ మొత్తం కిందిగేరి. గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ ఖాళీ. రెండు సైన్యాలూ హాలు మధ్యలో పెళ్ళిభోజనాల మీదుగా ఒకరినొకరు ఎదుర్కోవాలని పెద్దల ఆలోచన.

చెన్నప్ప, రంగప్ప రోజూ పొద్దున్నే చెరో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఎదుటివాడి గోడ ముందు కూర్చుంటారు. తన గోడ ముందు కాదు, ఎదుటివాడి గోడ ముందు. మస్తాన్ మొదట ఇరువైపులా చేతుల్లో బాంబులు పెట్టాడట. "మేం ఎప్పుడూ ముందు ఏయలే. వాళ్ళు ఏసినాకనే ఏసినాం" అని చెన్నప్ప. అదే మాట రంగప్ప. అయితే ముందు ఏసిన సంగతి వెనకాల చిన్నగా వేద్దామన్నాడు మస్తాన్. దాని వెనకాల మరొక కారణం, ఆ కారణానికి ఇంకో కారణం. అలా వెనక్కి వెనక్కి పోయి, తాతల కాలంలో పీర్ల పండుగనాడు పీరు ముందు ఎవరి వాకిట ఆగాలన్న తగువు దగ్గర తేలింది.

"మా పీర్లు, వీళ్ళ కొట్లాట" అన్నాడు మస్తాన్ నాతో మెల్లిగా. "మావోల్లవి ఈ ఊర్లో ఉండేది రెండిండ్లు. ఎవురి వాకిట ఆగినా మాకేం పోయింది సారూ."

చివరకు బాంబులన్నిటినీ కొబ్బరికాయలుగా మార్చమని తీర్మానించారు. రంగు కొంచెం మారిస్తే సరిపోయింది. వేటకొడవళ్ళు మాత్రం పెద్ద చిక్కయ్యాయి. వాటిని చెరుకుగడలు చేయమన్నాడు రంగప్ప.

"ఈ సీమలో చెరుకు యాడిదన్నా? చూసినోల్లు నగుతారు" అన్నాడు మస్తాన్.

"నగనీప్పా. నరికినారనేదాని కన్నా నగేది మేలు గదా."

నేను వెళ్ళేటప్పటికి ఆ గోడలు చూస్తే ఒక గుంపు కొబ్బరికాయలు పట్టుకుని, ఇంకో గుంపు చెరుకుగడలు పట్టుకుని ఎదురెదురుగా వస్తున్నాయి. మా వైపు మగపెళ్ళివారికి ఎదుర్కోలు సన్నాహం ఇలాగే ఉంటుంది. రక్తం ఉండకూడదన్నారు కాబట్టి కింద పడ్డవాళ్ళందరూ నిద్రపోతున్నారు. ముందు వరసలో పెద్దలకూ వాళ్ళ బంధువులకూ ఫోటోల మీద గళ్ళు గీసి, చూసి దించిన ముఖాలున్నాయి. వెనకాల ఉన్న జనానికి, అంటే నిజంగా పోయిన కూలీలకు, తలపాగాలే గానీ ముఖాలు లేవు. చోటు చాలలేదట.

ఇంకో సంగతి. ముఖాలున్న ఏ ఒక్కరికీ కండ్లు లేవు. తెల్లటి గుంటలున్నాయి. కండ్లు ఆఖర్న పెట్టాలని మస్తాన్‌కు వాళ్ళ ఉస్తాదు నేర్పిన పద్ధతి.

ఓబులమ్మ పొయ్యి దగ్గర

మస్తాన్‌కూ, వచ్చేపోయేవాళ్ళకూ మంటపం వెనకాల వంట చేసేది ఓబులమ్మ. కిందా మీదా రెండు గేరుల ఇళ్ళలోనూ పనికి వెళ్ళే మనిషి. ఆమె కథ నాకు మస్తాన్ చెప్పాడు. ఆమె భర్త సుంకన్న చెన్నప్ప గొర్రెలు కాచేవాడు. గొడవలు ముదిరిన రోజుల్లో ఒక మొబ్బులో, అంటే చీకట్లో, గొంగడి కప్పుకుని దొడ్డి దగ్గర తిరుగుతుంటే, కిందిగేరి మనిషి వచ్చాడనుకుని ఎవరో బాంబు వేశారు. వేసింది సొంత గేరి వాడేనని కొందరు, కాదని కొందరు. పోలీసులొస్తే రెండు గేరులూ శవం కోసం పోట్లాడుకున్నాయి. మా మనిషిని మీరు చంపారని మీదిగేరి, కాదు, మాకు కబుర్లు మోస్తున్నాడని మీరే చంపారని కిందిగేరి. చనిపోయినవాడు తమవాడైతే కేసు గట్టిగా నిలబడుతుంది మరి. రాజీ కుదిరాక కేసు పోయింది. ఇప్పుడు బొమ్మల్లోకి సుంకన్నను ఏ గోడా రానివ్వడం లేదు. మీదిగేరి మావాడంటే, మనవాణ్ణి మనమే చంపుకున్నామని ఒప్పుకోవాలి; కిందిగేరి మావాడంటే, కబుర్లు మోయించామని ఒప్పుకోవాలి. మావాడు కాదంటే చాలు, సుఖం.

పొయ్యి దగ్గర కూర్చుని నేనే ఆమెను కదిపాను. గోడ మీద ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటమ్మా అన్నాను. పట్నం తెలివి.

ఆమె ఊరిబిండి నూరడం ఆపలేదు. "ఏసినోడు ఎవురో నాకు తెల్దు సారూ. ఈ ఊర్లోనే ఉండాడు. నాతో పలుకుతానే ఉంటాడు. వదినా అంటాడో, చెల్లీ అంటాడో. చెప్పండప్పా అని రెండు గేరులూ తిరిగినా. అందరికీ తెలుసు, ఎవురూ చెప్పరు." రోలు అంచు తుడిచింది. "మా ఇంటాయన ఆ గోడ మీద ఉంటే, పెండ్లికో పేరంటానికో వచ్చినప్పుడన్నా వాడు తలెత్తి చూడాల్సొస్తాది గదా. వాని మొగం చూస్తే నాకు తెలుస్తాది. నాకు కావాల్సింది అదే సారూ, ఇంగేం లే."

మా వైపు ఇలాంటి మాట ఎవరైనా అంటే నేను ఓదార్చేవాణ్ణి. ఆమెను ఓదార్చే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో ముద్ద వేయించుకుని తిన్నాను.

కండ్ల పంచాయితీ

కండ్లు పెట్టే రోజు దగ్గరపడేసరికి అసలు యుద్ధం మొదలైంది. ముందు ఎవరికి పెట్టాలి? మీదిగేరికి ముందు పెడితే, అవతలివాళ్ళు గుడ్డివాళ్ళుగా ఉన్నప్పుడు ఇవతలివాళ్ళు చూసినట్టు. అంటే మళ్ళీ వీళ్ళే కాచుకుని దెబ్బతీసినట్టు. పైగా కండ్లు తెరిచిన బొమ్మ మొదటి చూపు దేని మీద పడుతుందో దానికి అరిష్టమని ఎవరో ముసలాయన గుర్తుచేశాడు. దేవుడి విగ్రహానికైతే అద్దం చూపిస్తారు. ఒక సైన్యానికి సరిపడా అద్దం ఎక్కడ తెచ్చేది?

ఒక పూటంతా వాదించుకుని, రెండు సైన్యాలూ ఒకరినొకరు కాకుండా, ఎదురుగా ఖాళీగా ఉన్న గోడ వైపు చూడాలని తేల్చారు. అయితే ఆ గోడ మీద ఏం ఉండాలి? దేవుణ్ణి వేద్దామన్నారు. మంటపంలో పొట్టేలు కోస్తాం గదా, ఆయన్ను ఎట్లా కూర్చోబెడతామన్నారు. ఎమ్మెల్యే అన్నారు. ఆయన ఎప్పుడు ఏ పార్టీలో ఉంటాడో చెప్పలేమని, ఏటా కండువా రంగు మార్చడం కుదరదని మస్తాన్ అడ్డుపడ్డాడు. గాలిమర వేద్దామంటే, తింటూ చూస్తే తల తిరుగుతుందని ఒక అవ్వ ఒప్పుకోలేదు.

నా నోటికి తాళం వేసుకుని రావలసింది. "ఇంత ఊళ్ళో రెండు గేరులకూ చెందని మనిషి ఒక్కడైనా లేడా?" అన్నాను.

అందరూ నా వైపు కాదు, వాకిట్లో నీళ్ళ బిందె దించుతున్న ఓబులమ్మ వైపు చూశారు.

మొదట తేరుకున్నది చెన్నప్ప. "సుంకన్న మా ఉప్పు తిన్నోడే. బంగారమట్లా మనిషి."

"కేసులో మావాడని రాపిచ్చింది మేమప్పా" అన్నాడు రంగప్ప. "మా గేరి అంటే వానికి పానం."

చచ్చినవాడి కండ్లు చారెడని ఊరికే అన్నారా. పూట గడవకముందే సుంకన్న మహాత్ముడైపోయాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, రెండు గేరుల గొర్రెలనూ ఒకే కంటితో చూశాడు, శాంతి కోసమే ఆ రాత్రి అటు వెళ్ళాడు. బతికున్నప్పుడు చెన్నప్ప అతనికి కొనిచ్చింది ఒక్క గొంగడి. దాని వల్లే పోయాడు.

ఓబులమ్మను పిలిచి సమ్మతమేనా అని అడిగారు. ఆమె వచ్చి నిలబడింది. "ఏయండి. ఆయప్పకు ముందు కండ్లు పెట్టాల. మీ రెండు గోడలకు తర్వాత. చిన్న కండ్లు కాదు, చానా పెద్దవి పెట్టాల. మొబ్బులో ఏం కనపడక పోయినాడు" అంది. పెద్దలిద్దరూ సరేనన్నారు. మొదటి చూపు సమస్య తీరిందని వాళ్ళ సంతోషం వాళ్ళది.

రాయదుర్గం

రెండు గోడలకూ తెరలు కావాలి. తెరల చాటున మస్తాన్ ఏ గోడకు ముందు కండ్లు పెట్టాడో ఎవరికీ తెలియకూడదు. తెర రంగు ఏ పార్టీ రంగూ కాకూడదు. పసుపు కాదు, నీలం పచ్చా కలిసింది కాదు, ఎరుపు కాదు, కాషాయం కాదు. మిగిలింది జీన్సు గుడ్డ.

అందుకని మస్తాన్‌తో కలిసి రాయదుర్గం వెళ్ళాను. వాళ్ళ అక్క అక్కడ జీన్సు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. వీధి వీధికీ కుట్టుమిషన్ల చప్పుడు. మనం పట్నంలో పెద్ద దుకాణాల్లో మురిసిపోతూ కొనే ప్యాంట్లకు ఆ విదేశీ పేర్ల పట్టీలు ఇక్కడే, వక్కాకు నములుతూ కుట్టేస్తారు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే అక్కగారు తెర కొలతలు విని, "ఇంత పెద్ద ప్యాంటు ఎవురికిరా?" అంది. విషయం చెబితే, నవ్వు ఆపుకుని, "రెండు గేరులకూ కలిపి ఒకటే కుట్టిస్తే పాయె గదా, చెరో కాలు దూర్చుకుంటారు" అంది. నా ప్యాంటు చిరుగుకు కూడా ఒక జీన్సు ముక్క వేసి కుట్టింది. డబ్బులు తీసుకోలేదు. మా వైపు టైలరు ఇంత పనికి వారం తిప్పుతాడు.

తిరుగు బస్సులో మస్తాన్ దిగులుగా ఉన్నాడు. సుంకన్నకు ఫోటో లేదు. ఉన్నదొక్కటే, పోలీసులు తీసింది. అది చూసి వేయనని ఒట్టు పెట్టుకున్నాడు. "లీడర్లందరికీ ఒకే హీరో కండ్లు పెట్టినాను సారూ ఇన్నేండ్లు. ఈయప్పకు ఏం పెట్టాలనో తోచకుండా ఉండాది."

ఆ తర్వాత రోజులన్నీ ఓబులమ్మ గోడ ముందు కూర్చుని చెబుతూ పోయింది. ముక్కు అట్ల కాదు, కొంచెం పక్కకు. బుగ్గన మచ్చ. నవ్వు మాత్రం వద్దు. ఎర్రిస్వామి నిచ్చెన పట్టుకునేవాడు, మస్తాన్ చెరిపి వేసి, వేసి చెరిపి, గొంగడి భుజాన వేసుకున్న మనిషిని నిలువెత్తున దించాడు. కండ్ల గుంటలు మాత్రం తెల్లగా ఉంచాడు.

తెర తీసిన రోజు

పొద్దున్నే మస్తాన్ స్నానం చేసి వచ్చి నిచ్చెన ఎక్కాడు. కింద పట్టుకున్నది ఎర్రిస్వామే. చారెడేసి కండ్లు. నల్లగుడ్లు సరిగ్గా నడిమధ్యలో పెట్టాడు. అలా పెడితే ఎక్కడ నిలబడ్డా బొమ్మ మనల్నే చూస్తుందని, ఎన్నికల బొమ్మలకు అదే కిటుకని నాకు చెప్పాడు. దిగి నిచ్చెన తీసేశాడు. ఎర్రిస్వామి తలెత్తి చూశాడు. తాళాలు నా చేతిలో పెట్టి, "లోపల ఉక్కగా ఉండాది సారూ" అని బయటికి వెళ్ళిపోయాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఉక్కపోత గదా అనుకున్నాను.

మిగిలిన కండ్లు తెరల చాటున పడ్డాయి. ఏ గోడకు ముందని అడిగితే మస్తాన్ రెండు చేతులూ జోడించి, తన ఇద్దరు కూతుళ్ళకు ఇంకా పెళ్ళి కాలేదన్నాడు. మధ్యాహ్నానికి పెద్దలిద్దరూ తలో తాడు లాగారు. తెరలు తొలిగాయి. చప్పట్లు కొట్టారు. ఆకులు వేశారు. పొట్టేలు కూర, సంగటి, ఓళిగలు. ఓళిగ అంటే మన బొబ్బట్టే, కాకపోతే విస్తరి అంత ఉంటుంది.

"సుంకన్న నా పక్కే చూస్తాండాడు చూడప్పా" అన్నాడు చెన్నప్ప మురిసిపోతూ.

"లే, నా పక్క" అన్నాడు రంగప్ప.

కాసేపటికి చెన్నప్ప స్తంభం పక్కకు జరిగాడు. మళ్ళీ చూశాడు. ఇంకొంచెం జరిగాడు. అతని పక్కవాడూ జరిగాడు. రెండో వడ్డన నాటికి హాల్లో మాటలు తగ్గిపోయాయి. రెండు గేరులూ కలిసి, ఒక్క మనిషి మిగలకుండా, ఆకులోకి తలలు వంచి తింటున్నాయి.

ఓబులమ్మ సంగటి బక్కెట్టుతో వరసల మధ్య తిరుగుతోంది. ప్రతి ముఖం దగ్గరా ఆగి వడ్డిస్తోంది. నా దగ్గరికొచ్చి ఆకు మీదికి వంగింది. "అందరూ తలొంచుకునే తింటాండారు సారూ. ఇంగ ఎవుర్ని ఎవురని తెలుసుకునేది?"

అప్పుడే వరస చివరినుంచి ఎవరో, ఎర్రిస్వామి తిన్నాడా అని అడిగారు. తినలేదు, బయటే ఉన్నాడన్నారు. ఆమె ఒక ఆకు తీసుకుని బక్కెట్టుతో బయటికి నడిచింది. ఇన్ని రోజులు అన్నం పెట్టిన మనిషి గదా, పిలుచుకొద్దామని నేనూ లేచాను.

ఆయన మంటపం మెట్ల మీద, నడి ఎండలో కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నా, బయటున్నావు? లోపలికి రా, ఆకేస్తా" అంది ఓబులమ్మ.

"లోపల ఉక్కమ్మా. ఈడ గాలి ఆడుతాండాది."

గుట్ట మీద ఒక్క గాలిమరా తిరగడం లేదు. మెట్టు బండ కాలు ఆననివ్వనంత కాలుతోంది.

"తిన్నాకైనా ఒక తూరి వచ్చి చూసిపో అన్నా. మస్తాను బాగా ఏసినాడు."

"దినామూ చూస్తానే ఉండా గదమ్మా."

"కండ్లు పెట్టినాక?"

ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుని మళ్ళీ తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ రెండు గేరులూ కలిసి దాచిన పేరు నా ఎదురుగా మెట్ల మీద కూర్చుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

ఓబులమ్మ కేకలు వేయలేదు. ఆకు ఆయన ముందు పరిచింది. నీళ్ళు చల్లింది. ముద్ద పెట్టి, దాని మీద కూర వేసింది. బక్కెట్టు పక్కన పెట్టి, ఆ కాలే బండ మీదే ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"తినన్నా" అంది. "నువ్వు తిని లేసేదాకా నేను ఈడనే కూచ్చోని చూస్తాంటా."

తాళాలు మస్తాన్ చేతిలో పెట్టి బస్సెక్కాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. ఆయన చేయి ఇంకా ఆకులోకి దిగలేదు.